గడ్డివామి దగ్గర జానెడు పాములు ఏడు కనిపించాయి. కొండచిలువ పిల్లలా, రక్తపింజరి పిల్లలా?

అడిగినవారు: ఇందుకూరుపేట కోడలు

అందరికీ నమస్కారం. మాది ఇందుకూరుపేట మండలంలో ఒక పల్లె. ఇంటి వెనక బర్రెల కొట్టం, దాన్ని ఆనుకునే గడ్డివామి. ఈసారి మిషన్ కోత కాబట్టి గడ్డిని చుట్టలు కట్టించి చైత్రంలో తెచ్చి పేర్చాం. అడుగు వరస చెమ్మకు కుళ్ళి, చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది.

మొన్న శుక్రవారం సాయంత్రం బర్రెలకు గడ్డి లాగుతుంటే చిన్న పాము ఒకటి జారి పడింది. జానెడు కంటే రవ్వంత ఎక్కువ, లావు నా చిటికెన వేలంత. మా మామ కర్రతో కొట్టేశాడు. శనివారం కొట్టం గోడ పక్కన ఇంకో రెండు. ఆదివారం జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కాళ్ళు వణుకుతున్నాయి. మా బాబుకు ఆరేళ్ళు. "అమ్మా, లావు ఎర్ర దొరికింది, గాలానికి పనికొస్తది" అని పిలిచాడు (ఎర్ర అంటే వానపాము). వెళ్ళి చూస్తే నీళ్ళ మగ్గు బోర్లించి దాని మీద అరచెయ్యి పెట్టి కూర్చోనున్నాడు. మగ్గు అంచు కింద నుంచి తోక కొస ఆడుతోంది. వాణ్ణి ఎత్తుకొని పరిగెత్తాను. ఇప్పటికి మొత్తం ఏడు కనిపించాయి, మామ మూడు చంపాడు, నాలుగు యాడికి పోయాయో తెలియదు.

చూడటానికి గోధుమరంగు ఒళ్ళు, వీపు పొడుగునా ముదురు మచ్చలు, తల వెడల్పు, మెడ సన్నం. అదిలిస్తే చుట్ట చుట్టుకొని, అంత చిన్న ఒంట్లోంచి ఎట్లా వస్తుందో గానీ, సైకిల్ ట్యూబులో గాలి వదిలినట్టు బుస్సుమంటుంది.

మామ రక్తపింజరి అంటాడు. పక్కింటి పెద్దాయన "కాదమ్మా, కొండచిలువ పిల్లలు, ఏమీ చెయ్యవు" అంటాడు. అత్త అయితే, తల్లి పగబట్టి వస్తుంది, గడ్డివామి తగలబెట్టండి అంటుంది. చిన్నపిల్లలకు విషం ఉండదని కొందరు, తల్లి కంటే పిల్లకే ఎక్కువని కొందరు. ఏది నమ్మాలి? ఇంకా ఎన్ని ఉండొచ్చు? తల్లి కూడా అక్కడే ఉంటుందా? తెలిసినవాళ్ళు దయచేసి త్వరగా చెప్పండి. అప్పటినుంచి పిల్లాణ్ణి కింద దించలేదు.

జవాబు 1: బుచ్చి నుంచి

అక్కా, వామి చుట్టూ కిరోసిన్, వెల్లుల్లి కలిపి చల్లండి. మా నాయనమ్మ అట్లనే చేసేది. బాబు జాగ్రత్త.

జవాబు 2: పొగాకు రైతు, కందుకూరు వైపు

చెల్లెమ్మా, ముందు ఒక మాట. ఆ వామి దగ్గరకు ఈ రాత్రి ఎవరూ పోవద్దు. గడ్డి కావాలంటే రేపు బాగా తెల్లారాక, కాళ్ళకు బూట్లు వేసుకొని, మామిడికాయలు కోసే దోటి లాంటి పొడుగు కర్రతో చుట్టను దూరం నుంచే దొర్లించండి. చుట్ట కింద చేతివేళ్ళు దూర్చి ఎత్తడం మాత్రం వద్దు. తగలబెట్టొద్దు. కొట్టం పక్కనే వామి ఉందంటున్నారు, నిప్పు పెడితే బర్రెలకు ముప్పు, పాములేమో ఇంటి వైపే పరిగెత్తుతాయి. కిరోసిన్‌కూ వెల్లుల్లికీ పాములు పోవు, నేను చూశాను. కిరోసిన్ వాసన తగిలిన గడ్డిని బర్రెలు ముట్టవు, అంతే.

మీరు చెప్పినదాన్ని బట్టి అవి రక్తపింజరి పిల్లలే. మీ మామ మాటే నిజం. ఎందుకంటున్నానో చెప్తాను, మీరు ఫోటో పెట్టినా నేను ఇవే చూస్తాను.

కొండచిలువ పిల్ల గుడ్డులోంచి బయటికి వచ్చేటప్పటికే ఇంచుమించు మూరెడు ఉంటుంది. జానెడు కొండచిలువ ఉండదు. దాని ఒళ్ళు నూనె రాసినట్టు నున్నగా మెరుస్తుంది, మచ్చలు పెద్దవి, ఒక లెక్క లేకుండా అతుకులు వేసినట్టు ఉంటాయి. రక్తపింజరి మచ్చలు అట్లా కాదు. వీపు నడుమ ఒక వరస, ఇటూ అటూ ఒక్కో వరస, మొత్తం మూడు. కోలగా ఉండే గోధుమరంగు మచ్చ, చుట్టూ నల్ల గీత, ఆ గీత బయట సన్నటి తెల్ల అంచు. నడుమ వరస మెడలో వేసుకునే గొలుసు పరిచినట్టు ఉంటుంది. పొలుసులు గరుకుగా, ఆరిన మట్టి రంగులో ఉంటాయి. పిల్లకూ తల్లికీ ఈ నమూనా ఒక్కటే, పిల్లలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ బుస కూడా దానిదే. కొండచిలువ అని చేతికి తీసుకొని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు కాబట్టి పక్కింటి పెద్దాయనకు ఈ సంగతి మర్యాదగా చెప్పండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. రక్తపింజరి గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. గుడ్లు కడుపులోనే పొదిగి, పిల్లలు బయటికి వస్తాయి. ఒక్క కాన్పులో సాధారణంగా 20 నుంచి 40 దాకా. ఒకసారి 65 కూడా లెక్కపెట్టారు. మే నుంచి నవంబరు దాకా ఎప్పుడైనా పెట్టొచ్చు గానీ జూన్, జూలై నెలల్లోనే ఎక్కువ. మీకు ఏడు కనిపించాయంటే అన్నీ కనిపించాయని అనుకోవద్దు. కొన్ని ఇప్పటికే చేలోకి పోయి ఉంటాయి, కొన్ని చుట్టల కింద ఉండొచ్చు.

తల్లి పొట్ట చీల్చుకొని పిల్లలు పుడతాయనీ, తల్లి అక్కడే చచ్చిపోతుందనీ మా ఊళ్ళో ఇప్పటికీ అంటారు. అది నిజం కాదు. తల్లి బతికే ఉంటుంది, పిల్లల్ని పెట్టి తన దారిన తను పోతుంది. పిల్లల్ని కాయదు, మేపదు, వెతుక్కుంటూ రాదు. పగ అన్న మాట పాముకు లేదు చెల్లెమ్మా. మీ అత్తగారి భయాన్ని నేను తక్కువ చేయడం లేదు, చిన్నప్పుడు మా అమ్మ ఒళ్ళో నేనూ అదే విన్నాను. అయితే తల్లి ఆ వామిలోనే ఉండే అవకాశం ఉంది. పగ కోసం కాదు, ఎలుకల కోసం, వెచ్చదనం కోసం.

అన్ని పాములూ ఇట్లా వదిలేసి పోవు. కొండచిలువ గుడ్ల చుట్టూ చుట్టుకొని, ఒళ్ళు అదిరిస్తూ వేడి పుట్టించి పొదుగుతుంది. కట్లపాము గుడ్ల దగ్గరే ఉంటుంది. తాచు కూడా అంతే, 10 నుంచి 30 గుడ్లు ఎలుక బొరియలోనో పుట్టలోనో పెట్టి దగ్గర్లోనే కాపు కాస్తుంది. ఈ తాచు పిల్లల్ని నేను కళ్ళారా చూసిన రోజు ఒకటి చెప్పాలి. మాది కందుకూరుకు దగ్గరి ఊరు. బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే గది) వెనక పాత ఎరువుదిబ్బ తవ్విస్తుంటే మా దగ్గర పనిచేసే యానాది పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. ఎలుకలు పట్టడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. బొరియ మూతికి సాలెగూడు ఉంటే వదిలేస్తాడు, మూతి అరిగి నున్నగా ఉంటే "లోపల ఎవరో తిరుగుతున్నారు సామీ" అంటాడు. ఆ రోజు పార పక్కన పెట్టి వేళ్ళతోనే పెళ్ళ తప్పించి చూపించాడు. తెల్లటి గుడ్లు, ఒకదానికొకటి అతుక్కొని. కోడిగుడ్డులా పెళుసు కాదు, తోలు సంచిలా మెత్తన. ఒక గుడ్డుకు బ్లేడుతో గీసినట్టు సన్నటి చీలిక. ఆ చీలికలోంచి మూతి ఒకటి బయట పెట్టి, మమ్మల్ని చూసి మళ్ళీ లోపలికి లాక్కుంది. పెన్సిలంత ఒళ్ళు. అప్పటికే బయటికి వచ్చిన ఇంకోటి పెళ్ళ మీద నిలబడి రూపాయి బిళ్ళంత పడగ విప్పింది. గంట కిందట పుట్టిన దానికి పడగ విప్పమని ఎవరు నేర్పారు? నేను మట్టి మీద అట్లాగే కూర్చుండిపోయాను. ఆయన పెళ్ళలు మళ్ళీ మెల్లగా కప్పేశాడు. పదిహేను రోజులు మేము ఆ దిబ్బ వైపు పోలేదు.

విషం సంగతి. విషపు పాము పిల్ల విషంతోనే పుడుతుంది, కోరలతోనే పుడుతుంది. పెద్దదానికంటే పిల్లే ప్రమాదం అనేది మాత్రం నిజం కాదు. పిల్ల తిత్తి చిన్నది, పడే విషం తక్కువ. ఆ తక్కువే ఆరేళ్ళ పిల్లాడికి ప్రాణం మీదికి తెస్తుంది. మా ఇంట్లోనే జరిగింది. 2009లో బ్యారన్‌కు కట్టెలు దించుతుంటే మా నాయన బొటనవేలి మీద జానెడు పింజరి కరిచింది. "పిల్లే కదా" అని ఆయన పని ఆపలేదు. తర్వాత ఎవరో చెప్పారని తాడు బిగించి కట్టి, పసరు వేసే మనిషి దగ్గరికి తీసుకుపోయారు. నేను ఒంగోలు నుంచి వచ్చేసరికి మూడు గంటలు గడిచాయి. ఉమ్మిలో రక్తం, చిగుళ్ళ వెంట రక్తం. ఆసుపత్రిలో మందు ఎక్కించాక బతికాడు. తాడు బిగించిన బొటనవేలు మాత్రం నల్లబడిపోయి తీసేయాల్సి వచ్చింది. ఆ వేలు లేని చేత్తోనే పదేళ్ళు పొగాకు అల్లాడు. అందుకే ఈ ప్రశ్న చూడగానే ఇంత పొడుగు రాస్తున్నాను.

చిన్నదల్లా పిల్ల కాదు, ఇది కూడా గుర్తుపెట్టుకోండి. కనిగిరి, పొదిలి వైపు ఎర్రనేలల్లో, రాళ్ళ కింద చిన్నపింజరి ఉంటుంది. పూర్తిగా ఎదిగినా జానన్నరకు అటూ ఇటూ. ఒంటిని మడతలు పెట్టి పొలుసుల్ని పొలుసులకు రుద్దుతుంది, రంపంతో కట్టె కోసినట్టు చప్పుడు. దాన్ని పిల్లపామని తేలిగ్గా తీసుకుంటే అంతే సంగతులు. దీనికి పూర్తిగా ఎదురు గుడ్డిపాము. స్నానాల గదిలో, పూలకుండీల కింద నల్లగా మెరుస్తూ వానపాములా ఉంటుంది, దాన్ని చూసి తాచు పిల్ల అని చంపేస్తారు. పాపం, అది చీమల గుడ్లు, చెదల గుడ్లు తిని బతుకుతుంది. వాటిల్లో మగవే ఉండవు, ఆడవే మగతోడు లేకుండా గుడ్లు పెడతాయి. చెవిలో దూరుతుందనేది వట్టి మాట.

జెర్రిపోతు పిల్లలకు ఒంటి మీద అడ్డచారలు ఉంటాయి, పెద్దయ్యాక పోతాయి. వాటినీ ఏదో విషప్పామని కొట్టేస్తుంటారు. వామిలో ఎలుకల్ని తినేది అదే కాబట్టి జెర్రిపోతును నేను ఎప్పటికీ చంపనివ్వను. తాచూ జెర్రిపోతూ జత కడతాయన్నది కూడా తప్పే. మెలికలు వేసుకొని లేచి ఆడుతూ కనిపించేవి సాధారణంగా రెండు మగ జెర్రిపోతులు, అది పోట్లాట.

రేపు చెయ్యాల్సింది ఇది. అటవీశాఖ రేంజి ఆఫీసుకు ఫోన్ చేసి పాములు పట్టేవాళ్ళను పంపమనండి. వాళ్ళు వచ్చాక వాళ్ళ ముందే చుట్టలన్నీ ఒక్కొక్కటి తీయించండి. మళ్ళీ పేర్చేటప్పుడు కొట్టానికి దూరంగా, రాళ్ళ మీద కొయ్యలు వేసి, అడుగున గాలాడేట్టు పేర్చండి. మామను ఇక చంపొద్దని చెప్పండి, 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, కర్రతో కొట్టడానికి దగ్గరికి పోయినప్పుడే ఎక్కువమందికి కాటు పడుతుంది.

జవాబు 3: స్టాఫ్ నర్సు, ప్రకాశం జిల్లా

పై అన్న చెప్పింది చదివాక కళ్ళు చెమర్చాయి. తాడు బిగించి తెచ్చిన చేతులు, కాళ్ళు నేను చాలా చూశాను. నా వంతు నాలుగు మాటలు రాస్తాను, ఎందుకంటే వామిలో ఇంకా ఉండొచ్చు.

కాటు పడితే కట్టు వద్దు, కొయ్యడం వద్దు, నోటితో పీల్చడం వద్దు. చేతికి ఉంగరాలు, గాజులు, కాళ్ళకు పట్టీలు ఉంటే వాపు రాకముందే తీసేయండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా చెక్క ఆనించి వదులుగా గుడ్డ చుట్టండి. నడిపించొద్దు. 108కు ఫోన్ చెయ్యండి, ఆలస్యం అవుతుందంటే బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకొని రండి. పామును పట్టుకొని రానక్కర్లేదు. సంచిలో చచ్చిందనుకొని తెచ్చిన పాము మా వార్డులో కదిలిన రోజు ఉంది. దూరం నుంచి ఫోటో చాలు, అదీ దొరికితేనే.

మన దగ్గర ఇచ్చే విరుగుడు మందు నాలుగు పాములకు ఒక్కటే. తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. కాబట్టి ఏ పామో తెలియకపోయినా వైద్యం ఆగదు. పింజరి కాటు అనుమానం ఉంటే మేము కాస్త రక్తం తీసి పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా పెడతాం. వంచినప్పుడు గడ్డకట్టకుండా నీళ్ళలా జారితే ఇక ఆలోచించేది లేదు, మందు మొదలు. చిన్నపిల్లలకు సగం డోసు ఇవ్వమని తల్లిదండ్రులు అడుగుతుంటారు. అట్లా ఇవ్వకూడదు. పాము పిల్లాడని చూసి తక్కువ విషం వెయ్యదు కదా, మందు పెద్దవాళ్ళకు ఎంతో పిల్లలకూ అంతే.

కట్లపాము గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది, నొప్పి ఉండదు, గాటు కూడా సరిగ్గా కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. తిన్నది అరగలేదని సోడా తాగించి కూర్చోకండి. మంచం మీద పడుకోబెట్టి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. ఆ ఒక్క అలవాటుతో ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో మా రాత్రి డ్యూటీ వాళ్ళకు తెలుసు. దేశం మొత్తంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని అంచనా. వాళ్ళలో ఎక్కువమంది మనలాంటి పల్లెలవాళ్ళే.

ఇంకో మాట, యానాది పెద్దాయన ప్రస్తావన వచ్చింది కాబట్టి. ఈ మందుకు కావలసిన విషం చాలావరకు చెన్నై దగ్గర, యానాదుల్లాగే పాములు పట్టడం తెలిసిన ఇరుళ గిరిజనుల సహకార సంఘం తీసి పంపిస్తుంది. 1978లో పెట్టుకున్న సంఘం అది. పామును పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలోనే వదిలేస్తారు. మందు సీసా విప్పిన ప్రతిసారీ వాళ్ళ చేతులు గుర్తొస్తాయి నాకు.

జవాబు 4: అలివి వల

మాది సముద్రం ఒడ్డు, మైపాడుకు అవతల. భూమ్మీద పాముల సంగతి పెద్దలు చెప్పారు. తీరం ఊళ్ళవాళ్ళు చదువుతుంటారని ఇది రాస్తున్నా. అలివి వల లాగినప్పుడు చేపలతోపాటు సముద్రపు పాములు వస్తాయి. తోక చదునుగా తెడ్డులా ఉంటే అది సముద్రపు పామే. మన వైపు వలల్లో పడేవి నీళ్ళలోనే పిల్లల్ని కంటాయి, గుడ్డు పెట్టడానికి ఒడ్డుకు రావు. పిల్లలు వల కన్నుల్లో చిక్కుకొని దారం ముక్కల్లా ఉంటాయి. మా కుర్రోళ్ళు వేళ్ళతో లాగేస్తుంటారు. వద్దురా అని ఎన్నిసార్లు చెప్పినా వినరు. నర్సమ్మ చెప్పిన నాలుగు పాముల మందు దానికి పనిచెయ్యదని ఆసుపత్రిలోనే మాకు చెప్పారు. కర్రతో విదిలించండి, వల చిరిగితే కుట్టుకోవచ్చు.

ఉప్పుకాలవల్లో, రొయ్యల గుంటల గట్ల బురదలో ఉండే బూడిదరంగు బురదపాము వేరు. అదీ పిల్లల్నే కంటుంది గానీ దానితో మనిషి ప్రాణానికి భయం లేదు. తోక చూస్తే తెలిసిపోతుంది, సన్నగా గుండ్రంగా ఉంటుంది.

అడిగినవారే మళ్ళీ: ఇందుకూరుపేట కోడలు

అన్నకు, నర్సమ్మకు, అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. సోమవారం పొద్దున ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. పొడుగు కొక్కేలు, మూత బిగించే ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చుకున్నారు. మా వాళ్ళు దోటితో చుట్టలు దొర్లిస్తుంటే వాళ్ళు కింద వెతికారు. పిల్లలు పదకొండు దొరికాయి. కింది వరసలో మూలన ఉన్న చుట్ట తీసేసరికి పెద్దది కదిలింది. మూడడుగుల పైమాటే. ఇంత దూరంలో నిలబడినా ఆ బుస కుక్కర్ ఆవిరి వదిలినట్టు చెవిలో పడింది. అన్న చెప్పిన గొలుసు మచ్చలు ఎండలో అద్దినట్టు కనిపించాయి, మూడు వరసలు, తెల్ల అంచుతో సహా. దాని పొట్ట పక్కలు ముడతలు పడి వదులుగా ఉన్నాయి. "పిల్లల్ని పెట్టి వారం కూడా అయ్యుండదు" అన్నాడు ఒక కుర్రాడు.

నేనూ మూడేళ్ళ కిందట మా పాప కాన్పు అయినప్పుడు అట్లాగే వడిలిపోయి పడుకున్నాను. అంత భయంలో కూడా అది గుర్తొచ్చింది.

అత్త ముందు లోపలే కూర్చుంది. డబ్బా మూత వేశాక బయటికి వచ్చి, పసుపు కుంకుమ తెచ్చి డబ్బా దగ్గర నేల మీద పెట్టి, పిల్లల జోలికి రాకు తల్లీ అని దండం పెట్టింది. మామ మాత్రం ఏమీ మాట్లాడలేదు. చంపిన మూడింటి గురించి కుర్రాళ్ళు అడిగితే, తెలియక చేశానన్నాడు. నిన్న సంతకు పోయి రెండు జతల గమ్ బూట్లు, ఒక పెద్ద టార్చి కొనుక్కొచ్చాడు. వామి ఇప్పుడు దొడ్డి చివర వేపచెట్టు దగ్గర రాళ్ళ మీద ఉంది.

అన్నా, ఒక్క సందేహం మిగిలింది. వాళ్ళు పట్టుకెళ్ళిన వాటిని దూరంగా వదిలేస్తామన్నారు. తల్లినీ పిల్లల్నీ ఒకే చోట వదలాలా, వేరువేరుగానా? మా బాబు పొద్దున్నుంచీ ఇదే అడుగుతున్నాడు.

జవాబు 5: పొగాకు రైతు, కందుకూరు వైపు

ఎట్లా వదిలినా ఆ తల్లికి తేడా లేదు చెల్లెమ్మా, పిల్లలకూ లేదు. పుట్టిన రోజు నుంచే దేని తిండి అది వెతుక్కుంటుంది. బల్లి పిల్లలు, చిన్న కప్పలు, చిట్టెలుకలు దొరికే చోట ఒక్కోదాన్ని కాస్త ఎడంగా వదిలితే చాలు. బాబుకు ఇంకోటి కూడా చెప్పండి. ఎర్ర ఎప్పుడూ బుస కొట్టదు, దానికి కళ్ళుండవు, తల ఏదో తోక ఏదో తెలియదు. కళ్ళు కనిపిస్తే మగ్గు అక్కడే వదిలేసి అమ్మను పిలవాలి.